రంపానికి జోడీ

ఆ వైన్‌కి ఊళ్ళోవాళ్ళు పెట్టిన పేరు రంపం. గుక్క వేస్తే నాలుక మీద అటూ ఇటూ కోసుకుంటూ పోతుందని అలా పెట్టారు. చూడ్డానికి ముదురు ఎరుపు, నలుపు అన్నా తప్పులేదు. గ్లాసులో పోసి కిటికీకి ఎదురుగా పట్టుకుంటే వెలుగు ఇవతలికి రాదు. వాసన మంచిదే. పళ్ళు తొక్కిన వాసన, కాస్త తోలు వాసన, వానకి తడిసిన కర్ర వాసన. నోట్లోకి వెళ్ళాకే అసలు పేచీ. పచ్చి అరటికాయ కొరికినట్టు బుగ్గలు లోపలికి లాక్కుపోతాయి. పళ్ళ మీద పొర కడుతుంది. మాట్లాడబోతే మాట జారదు.

దాన్ని చేసేది మామగారు. ఆయన తండ్రి చేశాడు, తాత చేశాడు. మామగారిది మితమైన మాట. ఊళ్ళో ఆయన్ని వగరాయన అంటారు. ఆ పేరు వైన్‌ని బట్టి వచ్చిందో మనిషిని బట్టి వచ్చిందో ఎవరూ తేల్చలేదు.

ఇంట్లో ఆయన కాక ఇంకో ముగ్గురు. ఆయన అక్క, కోడలికి పెద్దత్తయ్య. హార్బరులో క్రేను నడిపే కొడుకు. ఆ కొడుకు పెళ్ళాం, అంటే ఆ ఇంటి కోడలు. అత్తగారు పోయి చాలా కాలమైంది. అప్పట్నుంచీ వంటగది పెద్దత్తయ్యది. అక్కడ ఆవిడ మాటకి ఎదురులేదు.

పెద్దత్తయ్య సముద్రం మీద బతికిన ఇంటి ఇల్లాలు. మొగుడు పోయాక తమ్ముడింటికి వచ్చేసింది గానీ, మరుదులు ఇప్పటికీ పొద్దున్నే పడవ దిగ్గానే వదిన వాటా అంటూ చేపలు గుమ్మంలో పెట్టి పోతారు. అందుకని ఆ ఇంట్లో రోజూ చేపే. మాంసం గడప తొక్కదు.

"ఆ వాసన నా మూకుడుకి పట్టిందంటే బూడిదేసి తోమినా వదల్దు," అంటుంది ఆవిడ.

చేపలోకి తెల్ల వైన్ బావుంటుంది కాబట్టి పక్క తోటాయన దగ్గర్నుంచి తెల్లది వస్తుంది. ఆయన పీపాలు వీళ్ళు బాగుచేసి పెడతారు, ఆయన తెల్లది పంపుతాడు. మరి సొంత ఎర్రది? దానికి మామగారి తండ్రి పెట్టిన నియమం ఒకటుంది. రుచి చూడాలంటే పొద్దున్నే, పరగడుపున, చన్నీళ్ళతో నోరు పుక్కిలించి, నేలమాళిగలో పీపా పక్కన నిలబడి చూడాలి. నేలమాళిగలోకి తిండి రాకూడదు. చేతికి ఉల్లిపాయ వాసన ఉన్నా గుమ్మం దగ్గరే ఆపేస్తారు.

"ఒకళ్ళ ఆసరా లేకుండా నిలబడాలి వైన్," అంటాడు మామగారు. ఆయనకి అది పెద్ద ప్రసంగం కింద లెక్క.

చెబితే నవ్వుతారు గానీ, తాతల నాటి నుంచీ ఆ ఇంటివాళ్ళలో ఆ వైన్‌ని ఒక్క ముద్దతో కలిపి తాగినవాడు లేడు.

కొనడానికి వచ్చినవాళ్ళకీ అదే వరస. ముందు నేలమాళిగలో పరగడుపు రుచి. బుగ్గలు పీక్కుపోయి, మొహం మాడ్చుకుని మెట్లెక్కి వచ్చేవాళ్ళు. పైన పెద్దత్తయ్య కాచుకుని ఉండేది. వచ్చిన మనిషి ఉత్త కడుపుతో వెళ్తే ఆవిడకి తలకొట్టేసినట్టు. ఆ పూట పడ్డ చేపల్లో మేలైనదాన్ని వేయించి, నిమ్మకాయ పిండి పళ్ళెంలో పెట్టేది. పక్కన మర్యాదకి అదే ఎర్ర వైన్. వచ్చినవాడు చేప తిని, చాలా బాగుందండీ అని, గ్లాసెత్తేవాడు. అంతే సంగతులు. రెండో గుక్క వేసిన మనిషిని ఆ ఇల్లు చూడలేదు. "ఆలోచించి కబురు చేస్తాం," అనేవాళ్ళు. వాళ్ళు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు.

పీపాలన్నీ నిండిపోయాయి. వచ్చే పంటకి చోటు లేదు. ఆ చలికాలం మామగారు తీగలు కత్తిరించే కత్తెరని గోడకి తగిలించి మళ్ళీ ముట్టుకోలేదు.

కోడలు తీసింది.

ఆమె గొర్రెలు కాచే ఇంటి పిల్ల. చిన్నప్పుడంతా మంద వెనక నడకే. గడ్డి ఎటుంటే ఇల్లు అటు. పెళ్ళై వచ్చాక ఒక రోజు మామగారు మాటా పలుకూ లేకుండా కత్తెర చేతిలో పెట్టి, ఏ కొమ్మ ఉంచాలో ఏది తియ్యాలో వేలితో చూపించాడు. కాలం తిరిగేసరికి తను వదిలిన కొమ్మకే గుత్తులు వేలాడాయి. కదలకుండా ఒకచోట నిలబడి, తన చేతి పనిని గుర్తుపెట్టుకునేది ఒకటి దొరకడం ఆమెకి అదే మొదలు. అప్పట్నుంచి ఆ తోట అంటే ప్రాణం పెట్టింది.

మామగారు గట్టు మీద నిలబడి ఆమె పని కాసేపు చూశాడు.

"పీకేసే తీగకి క్షవరం దేనికమ్మా?"

"ఇంకా పీకలేదుగా మామయ్యా. పీకేదాకా జుట్టు పెరుగుతూనే ఉంటుంది."

"సోమవారం పొక్లెయిన్ వస్తోంది."

ఆమె చేతిలో కత్తెర ఆగిపోయింది. "ఏ సోమవారం?"

"వచ్చే సోమవారమే."

"మరి శనివారం ఆ హోటలావిడ వస్తానంది కదా?"

"వస్తుంది. చూస్తుంది. పోతుంది." ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "కొందా, తోట ఉంటుంది. కొనలేదా, క్యాబేజీ వేస్తా. క్యాబేజీని చూసి ఎవడూ మొహం చిట్లించడు."

బతిమాలితే కరిగే మనిషి అయితే బతిమాలేది. ఇంత తక్కువ మాట్లాడే మనిషి ఇంత మాట్లాడాడంటే లోపల ఎప్పుడో తేల్చేసుకున్నాడన్నమాట.

మర్నాడు ఆమె తండ్రి సంతకి పోతూ, దారిలో కూతుర్ని చూసి పోదామని దిగాడు. ఉత్త చేతులతో వస్తాడా? గొర్రె జబ్బ ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చాడు. మీద కొవ్వు వేలెడు మందాన, తెల్లగా ఉంది.

పెద్దత్తయ్య గుమ్మానికి అడ్డం నిలబడింది. "అన్నయ్యగారూ, మీరు లోపలికి రండి. అది మాత్రం రాదు."

"ఇది నాకంటే బుద్ధిమంతురాలు చెల్లెమ్మా. గురక కూడా పెట్టదు."

"పెట్టకపోయినా సరే. పెరడుంది, గాలి ఉంది, అక్కడ కాల్చుకోండి."

పెరట్లోనే కాల్చారు. పోయిన ఏడాది కత్తిరించిన ద్రాక్షపుల్లలు ఎండి మోపులుగా ఉన్నాయి. వాటిని నిప్పు చేసి, మంట దిగాక ఆ సెగ మీద జబ్బని పెట్టి, తండ్రీ కూతుళ్ళు కబుర్లు చెప్పుకుంటూ తిప్పుతూ కూర్చున్నారు. కొవ్వు బొట్లు బొట్లుగా నిప్పులో పడి చిటచిటలాడింది. పైన తోలు నల్లబడింది. తండ్రి తిన్నంత తిని, చెయ్యి కడుక్కుని, బస్సు వేళైందని వెళ్ళిపోయాడు.

కోడలు ఎముక పక్కన మిగిలిన ముక్క నముల్తూ ఉండగా పని గుర్తొచ్చింది. పీపాలో వైన్ ఊరికే ఉండదు, కొద్దికొద్దిగా ఆవిరై దిగిపోతుంది. దిగినంత మేర పైనుంచి పోసి నింపకపోతే గాలి తగిలి పుల్లబడుతుంది. ఆ నింపే పని ఆమెది. పోసే ముందు ఒక గుక్క నోట్లో వేసుకుని బాగుందో లేదో చూడాలి. మామగారు ఊళ్ళోకి వెళ్ళాడు. ఆమె గబగబా చేతులు కడుక్కుంది. నోరు పుక్కిలించడం మర్చిపోయింది.

నేలమాళిగలో గ్లాసులోకి వంచుకుని నోట్లో పోసుకుంది. ఎప్పటిలాగే కోస్తుందని ముందే కళ్ళు చిట్లించింది.

కొయ్యలేదు.

కళ్ళు తెరిచి గ్లాసు వంక చూసింది. అదే పీపా, అదే వైన్. నోట్లో ఉన్న కొవ్వు మీదికి వెళ్ళి ఆ వగరు మెత్తగా కూర్చుంది. ఇన్నాళ్ళూ వగరు వెనక ఎక్కడో నక్కి ఉన్న పళ్ళ రుచి ముందుకొచ్చి నిలబడింది. నల్లబడిన తోలు తాలూకు మాడు వాసన, పీపా కర్ర వాసన ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. గుక్క దిగాక నోరు కడిగినట్టయ్యి, ఇంకో ముక్క తినాలనిపించింది. ఆమె మెట్లు రెండేసి ఎక్కి పైకి వెళ్ళి, ఇంకో ముక్క తిని, మళ్ళీ దిగింది. మళ్ళీ అంతే. ఆ పూట ఆమె ఎన్నిసార్లు ఎక్కి దిగిందో మోకాళ్ళకే తెలుసు.

సాయంత్రం మొగుడు క్రేను దిగి వచ్చాక అతనికీ ముక్క పెట్టి, గ్లాసిచ్చింది. అతను తిన్నాడు, తాగాడు.

"ఎలా ఉంది?"

"బానే ఉంది."

"అది లేకుండా ఉత్తది తాగి చూడు."

"ఇదీ బానే ఉంది."

"నీకు ఇనుపముక్క వేయించి పెట్టినా బానే ఉంటుంది," అని గ్లాసు లాక్కుంది.

మర్నాడు ఉదయం పెద్దత్తయ్య అటు తిరిగినప్పుడు కోడలు వేయించిన చేప తుంచి నోట్లో వేసుకుని, ఎర్రది ఒక గుక్క తాగింది. వెంటనే జామచెట్టు మొదట్లో ఉమ్మేసింది. విషయం అర్థమైపోయింది. అర్థమైనందుకు సంతోషించాలో భయపడాలో తెలియలేదు. మామగారికి చెబితే లాభం లేదు. ఆసరా లేకుండా నిలబడాలి అన్న మాట ఆయనకి తండ్రి మాట. ఆయన మాట తిప్పగలిగిన మనిషి భూమ్మీద ఒక్కరే ఉన్నారు. చిక్కేమిటంటే ఆ చేప ఆవిడదే.

మామగారు తోటలోకి వెళ్ళేదాకా ఆగి, కోడలు పళ్ళెం, గ్లాసు పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడింది.

"అత్తయ్యా, ఒకసారి నోరు తెరవండి."

"ఎందుకే? పళ్ళు లెక్కపెడతావా? తొందరగా అయిపోతుందిలే."

"మీ చేపే. తిని, ఈ గుక్క తాగండి."

పెద్దత్తయ్య తిన్నది. తాగింది. ఆవిడ మొహం తిరగలిలో పడ్డట్టయింది. "ఛీ ఛీ! ఇదేం పోగాలమే! తలుపు గొళ్ళెం నాకినట్టుంది!"

"వచ్చినవాళ్ళందరికీ మనం పెట్టింది ఇదే అత్తయ్యా."

ఆవిడ గరిటె పొయ్యి గట్టు మీద పెట్టింది. పీట మీద కూర్చుంది.

"అంటే," అంది చివరికి, "ఇన్నేళ్ళూ నా తమ్ముడి కొంప ముంచింది నా చేపా?"

"చేపది తప్పు కాదత్తయ్యా. వైన్‌దీ తప్పు కాదు. రెండూ మంచివే. ఒక గదిలో పెట్టాం, అంతే."

"నన్నూ మీ అత్తగారినీ పెట్టినట్టు."

కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. పెద్దత్తయ్యకి కూడా నవ్వొచ్చింది గానీ కళ్ళు తుడుచుకుంది. తర్వాత కోడలు పెరట్లోకి తీసుకెళ్ళి, నిన్నటి మాంసం సెగ మీద వెచ్చచేసి ఒక ముక్క అందించింది. ఆవిడ అటూ ఇటూ చూసింది. పక్క గోడ మీదుగా ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ చూసింది. కళ్ళు మూసుకుని నోట్లో వేసుకుంది. గుక్క వేసింది. నమలడం ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టింది.

"ఇంకో ముక్క పెట్టు," అంది.

"ఎలా ఉందత్తయ్యా?"

"పెట్టవే ముందు!"

ఆ రోజూ మర్నాడూ పెరట్లో బట్టలుతికే బండే వాళ్ళ బల్ల. మాంసం వంటగదిలోకి రాకూడదన్న నియమం అలాగే ఉంది, అందుకని వంటగదే పెరట్లోకి వచ్చింది. ఒక్క మాంసం చాలదని పెద్దత్తయ్యే అంది. హోటల్లో రకరకాల మనుషులు, రకరకాల నోళ్ళు, ఒకటి కాకపోతే ఒకటి ఉండాలి. ఊళ్ళో ఎన్నో సంబంధాలు కుదిర్చిన చెయ్యి ఆవిడది. ఈ పనీ అలాగే చేసింది. ఒక్కొక్క తిండినీ పిలిపించి, ఆ వైన్ పక్కన కూర్చోబెట్టి, ఇద్దరి మొహాలూ చూసింది.

ఉడికించిన గుడ్డు వచ్చింది. "గొళ్ళెం చెల్లెలు. పంపెయ్." పంచదార వేసిన రొట్టె తిని తాగితే వైన్ నిమ్మరసంలా పుల్లబడింది. కోడలు సరదాపడి కారం దట్టించి ఆలుగడ్డలు వేయించింది. దాని మీద గుక్క పడేసరికి నిప్పు మీద కిరసనాయిలు పోసినట్టయి, ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని నూతి దగ్గరికి పరిగెత్తారు. ఉడకబెట్టిన కోడిమాంసంతో మంచీ చెడూ ఏమీ లేదు. "కోడి ఎటు పోయిందే?" అంది పెద్దత్తయ్య, పళ్ళెం కిందకి వంగి వెతుకుతున్నట్టు. అదే కోడిని తోలు ఉంచి, నల్లగా కాల్చాక కాస్త నిలబడింది. మెత్తటి కొత్త చీజ్ కుదర్లేదు. ఎండి, గట్టిపడి, కత్తికి లొంగని పాత చీజ్ మాత్రం మొదటి గుక్కకే లొంగింది. వెన్నలో మగ్గబెట్టి మిరియాలు జల్లిన పుట్టగొడుగులు తిన్నప్పుడు పెద్దత్తయ్య ఏమీ అనలేదు. అనకపోవడమే చాలు. వంకాయని నిప్పులో పడేసి, తోలు ఒలిచి, వెల్లుల్లి, నూనె వేసి మెదిపితే బాగా కలిసింది. మూలుగ ఎముకలు వేసి మెల్లగా ఉడికించిన చిక్కుడుగింజలు ఇంకా బాగా కలిశాయి. నిమ్మకాయ ఎందులో పడినా చెడగొట్టింది. "దీన్ని పీటల దగ్గరికి రానివ్వకు," అని ఆవిడ నిమ్మకాయల బుట్టని అటక మీద పెట్టించింది.

శుక్రవారం సాయంత్రానికి ఆవిడ తీర్పు చెప్పేసింది. "దీనికి కొవ్వన్నా కావాలి, మాడన్నా కావాలి. రెండూ ఉన్నాయా, ఇంకేం అడగదు. కొత్తగా వచ్చిన అల్లుడికంటే నయం."

మామగారు ఒకసారి పెరటి తలుపు దగ్గర ఆగి ముక్కు ఎగబీల్చాడు. "ఏంటక్కా ఈ వాసన?"

"అడక్కు తమ్ముడూ."

ఆయన అడగలేదు.

శనివారం పొద్దున్నే హోటలావిడ వచ్చింది. పొట్టి మనిషి, గట్టి బూట్లు, ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు. పెద్ద ఊళ్ళో బొగ్గుల మీద మాంసం కాల్చి పెట్టే హోటలు ఆవిడది, మొదట్లో పొయ్యి దగ్గర తనే నిలబడేదట. మామగారు ఆవిణ్ణి నేలమాళిగలోకి దింపి, చన్నీళ్ళిచ్చి, నోరు పుక్కిలించమన్నాడు. కోడలు దీపం పట్టుకుని నిలబడింది. హోటలావిడ రుచి చూసింది. గ్లాసు తిప్పి చూసింది. రెండో గుక్క వెయ్యలేదు.

"పెద్దాయనా, మొహమాటానికి అబద్ధం ఆడను," అంది. "చాలా బలమైనది. చెయ్యి తిరిగిన పనే. కానీ మా దగ్గరికొచ్చేవాళ్ళు దీన్ని ఒక గుక్క తాగి పక్కకి నెట్టేస్తారు."

"సరే," అన్నాడు మామగారు.

ఆ ఒక్క మాటా అని దీపం అందుకున్నాడు. మెట్లెక్కుతుంటే ఆయన చెయ్యి గోడని వెతుక్కుంది. ఎన్నడూ గోడ పట్టుకోని మనిషి.

పైన గేటుకి అడ్డంగా పెద్దత్తయ్య నిలబడి ఉంది, కొంగు బిగించి.

"ఏమ్మా, మా ఇంటికొచ్చి ఎంగిలి పడకుండానే వెళ్తావా?"

"ఇంకో రెండు తోటలు చూడాలి పిన్నిగారూ."

"చూద్దువుగాని. వాటికి వేళ్ళున్నాయి, ఎక్కడికీ పోవు. కూర్చో."

పెరట్లో బల్ల వేసి ఉంది. మామగారు దాని వంక చూసి నిలబడిపోయాడు. "చేప ఏదక్కా?"

"చేపకి ఒంట్లో బాలేదు. నువ్వూ కూర్చో."

కోడలు ముందు పుట్టగొడుగులు పెట్టి, పక్కనే ఎర్రది పోసింది. హోటలావిడ మర్యాదకి నాలుగు తిని, మర్యాదకే గ్లాసెత్తింది. మూతి బిగించి గుక్క వేసింది. గ్లాసు కింద పెట్టబోయి, చెయ్యి మధ్యలో ఆపింది. రెండో గుక్క వేసింది.

పెద్దత్తయ్య కోడల్ని గిల్లింది. కోడలికి నొప్పి కూడా తెలియలేదు. ఆ ఇంట్లో రెండో గుక్క!

వంకాయ పెట్టారు. హోటలావిడ కబుర్లు ఆపేసింది. మూలుగ వేసిన చిక్కుడుగింజలు పెట్టారు. రొట్టెతో పళ్ళెం తుడిచేసింది. కోడలు తండ్రికి కబురు పెట్టి తెప్పించిన ఇంకో గొర్రె జబ్బ నిప్పు మీద నుంచి దించి, నల్లటి అంచుతో సహా కోసి పెట్టేసరికి ఆవిడ చొక్కా చేతులు పైకి మడిచింది. ఒక ముక్క, ఒక గుక్క. ఇంకో ముక్క, ఇంకో గుక్క.

"ఇది కింద తాగిందేనా?" అంది.

"అదే," అంది కోడలు.

"వేరే పీపాలోది కాదు కదా?"

మామగారు లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఇంటి మీద అంత మాట ఎవరూ అనలేదు. "రండి," అన్నాడు.

ఆయన ముందు, హోటలావిడ వెనక, వాళ్ళ వెనక దీపం పట్టుకుని కోడలు, పెద్దత్తయ్య. ఆవిడ చేతిలో మాంసం పళ్ళెం అలాగే ఉంది. నేలమాళిగ గుమ్మం దగ్గరికి వచ్చి ఆయన వెనక్కి తిరిగాడు, ఆ పళ్ళెం చూశాడు.

"తిండి లోపలికి..." అని ఆగాడు.

"తిండి లేకుండా లోపల ఏం జరిగిందో చూశాం కదా పెద్దాయనా," అంది హోటలావిడ మెల్లగా. "తిండితో ఏం జరుగుతుందో చూద్దాం."

మామగారు తలుపు మీద చెయ్యి వేసి, తండ్రి చేత్తో బిగించిన ఆ ఇనుప పట్టీల వంక చూస్తూ ఉండిపోయాడు. వెనక నుంచి పెద్దత్తయ్య, "తమ్ముడూ," అంది.

ఆయన పక్కకి జరిగాడు.

పీపా పక్కనే, అదే చోట నిలబడి, హోటలావిడ మాంసం తిని, అదే పీపాలోంచి వంచిన గ్లాసు ఖాళీ చేసింది. బిగ్గరగా నవ్వింది. ఆ నవ్వు రాతిగోడలకి కొట్టుకుని మళ్ళీ వచ్చింది. "అదే! అక్షరాలా అదే!" అంది. తర్వాత పళ్ళెం మామగారి ముందుకి చాపింది. "మీరు ఎప్పుడైనా తిన్నారా దీంతో?"

"లేదు."

"మీ నాన్నగారు?"

"లేదు."

"తినండి మరి!"

ఆయన ఒక ముక్క తీసుకున్నాడు. దొంగతనం చేస్తున్నవాడిలా చిన్నగా కొరికాడు. నమిలాడు. గ్లాసెత్తి తాగాడు. కోడలు దీపం కొంచెం పైకెత్తింది. ఆ మొహంలో ముడతలు ఒక్కొక్కటే విడిపోవడం ఆమె చూసింది. పుట్టినప్పట్నుంచీ పక్కన పెట్టుకుని తిరిగిన మనిషి గొంతు మొదటిసారి విన్నవాడిలా ఉన్నాడు.

"దీనికి ఇంత కోపం దేనికా అనుకునేవాణ్ణి," అన్నాడు.

"కోపం కాదు మామయ్యా, ఆకలి," అంది కోడలు.

ఆయన ఆమె వంక చూశాడు. తర్వాత నవ్వాడు. భుజాలు అదిరేలా, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. పెద్దత్తయ్య మెట్ల మీద కూలబడి, "చచ్చిపోయిన మా అమ్మ చూడాలి ఇది," అంటూ తనూ నవ్వింది.

పైకి వచ్చాక హోటలావిడ సంచిలోంచి ఒక చాక్లెట్ బిళ్ళ తీసి విరిచింది.

"తీపి కుదరదమ్మా, మేం చూశాం," అంది పెద్దత్తయ్య.

"ఇది తీపి కాదు పిన్నిగారూ, చేదు. వేసుకోండి."

పెద్దత్తయ్య అనుమానంగానే వేసుకుంది. గుక్క వేసింది. కాసేపు ఆకాశం వంక చూసింది. "ఇది మాకు తట్టలేదు," అని ఒప్పుకుంది. ఆవిడ అలా ఒప్పుకోవడం కోడలు ఎప్పుడూ వినలేదు.

"పీపాలు అన్నీ నాకే," అంది హోటలావిడ. "వచ్చే ఏడాదివి కూడా. ఇంకొకళ్ళకి మాటివ్వకండి. ఒక షరతు. మీ అక్కగారూ కోడలూ వచ్చి మా వంటవాళ్ళకి దీని పక్కన ఏం పెట్టాలో చెప్పాలి."

"ఏం పెట్టకూడదో ముందు చెప్తా," అంది పెద్దత్తయ్య. "దీని పక్కన చేప పెట్టారని నా చెవిన పడిందా, బస్సెక్కి వచ్చి మీ గిరాకీ చేతిలో గ్లాసు లాక్కుంటా."

"లాక్కోండి! ఆ బస్సుకి టిక్కెట్టు నేనే తీస్తా."

ఆవిడ వెళ్ళిపోయింది. ఆ రెండు తోటలూ చూడ్డానికి కాదు, తిన్నగా ఇంటికే వెళ్ళింది. కబురు మొగుడికి చెప్పాలని కోడలు హార్బరుకి ఫోన్ చేస్తే, అతను క్రేను మీద నుంచి, "నేను ముందే చెప్పాగా బానే ఉందని," అన్నాడు. పెద్దత్తయ్య ఆ ఫోన్ లాక్కుని అతనికి పెట్టాల్సిన నాలుగు చీవాట్లూ పెట్టింది.

మామగారు ఈ గోలేమీ పట్టించుకోలేదు. పెరట్లో బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని, మిగిలిన ఎముక చీకుతూ, గ్లాసులో అడుగున ఉన్నది పూర్తిచేశాడు. తర్వాత చెయ్యి తుడుచుకుని తన ఫోన్ తీశాడు. పొక్లెయిన్ నడిపేవాడికి కలిపాడు. అందరికీ వినబడేలా, నడివీధిలో నిలబడ్డవాడిలా మాట్లాడాడు.

"సోమవారం రావద్దంటారా అయితే?" అన్నాడు అవతలి మనిషి. ఊళ్ళో కబురు అప్పుడే పాకినట్టుంది.

"ఎవడన్నాడు? రా. పొద్దున్నే రా."

కోడలి చేతిలో పళ్ళెం జారబోయింది. పెద్దత్తయ్య, "ఒరేయ్ తమ్ముడూ!" అని కేకేసింది.

"తీగలు పీకాలా మరి?"

"పీకావంటే నిన్ను పీకుతా! కింద గట్టు అవతల ఖాళీ నేల ఉందే, అక్కడ గుంటలు తవ్వాలి. కొత్త మొక్కలు పెడుతున్నాం."

"ఎంతవరకూ తవ్వమంటారు?"

మామగారు ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి కోడలి వైపు తిరిగాడు. "ఎంతవరకూ అమ్మా?"

కోడలు గట్టు వైపు చూసింది. దాని అవతల నేల ఎర్రగా, ఖాళీగా, ఎండలో వాలుగా దిగుతోంది.

"చివరిదాకా మామయ్యా," అంది.

"విన్నావా?" అన్నాడు ఆయన ఫోన్లో. "చివరిదాకా!"